బండి స్టార్ట్ కావట్లేదా? షెడ్డుకు తోసుకెళ్లే ముందు ఇలా చూడండి

బండి స్టార్ట్ కాకపోతే అందరం చేసే పని ఒకటే. సెల్ఫ్ నొక్కుతాం, మళ్లీ నొక్కుతాం, ఇంకాస్త గట్టిగా నొక్కుతాం. పది నిమిషాలు ఇలా చేస్తే బ్యాటరీ డౌన్ అవుతుంది. అప్పటిదాకా ఒక తప్పు ఉంటే ఇప్పుడు రెండవుతాయి. షెడ్డుకు తీసుకెళ్తే మెకానిక్ కంటికి ముందు కనబడేది ఆ రెండోదే. "బ్యాటరీ పోయింది సార్" అంటాడు, కొత్తది వేస్తాడు. అసలు తప్పు మాత్రం అలాగే ఉంటుంది.

అందుకని ఒక్క క్షణం ఆగండి. ఇంజిన్ అందుకోవాలంటే అది తగినంత వేగంగా తిరగాలి, దానికి పెట్రోలు అందాలి, స్పార్క్ ప్లగ్‌లో సరైన సమయానికి కరెంట్ (నిప్పురవ్వ) రావాలి, లోపల గాలి గట్టిగా నొక్కుకోవాలి. వీటిలో ఏది లేదో తేల్చుకోవడమే మన పని. తేలేదాకా ఏ పార్టూ మార్చొద్దు. ఒకేసారి ప్లగ్ మార్చి, కార్బొరేటర్ (పెట్రోలునూ గాలినీ కలిపే భాగం) కడిగి, బ్యాటరీ చార్జింగ్ పెట్టి బండి స్టార్ట్ చేసుకున్నవాళ్లకు తప్పెక్కడుందో తెలియదు. వారం తర్వాత మళ్లీ ఆగితే కథ మొదటికొస్తుంది.

ఇక్కడ చెప్పేదంతా మనం రోజూ నడిపే 100 నుంచి 150 సీసీ పెట్రోలు బైకులు, స్కూటర్ల గురించి. 2020 ఏప్రిల్ 1న బీఎస్6 అనే కాలుష్య నిబంధన వచ్చాక అమ్ముడైన చాలా బళ్లలో కార్బొరేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ (పెట్రోలును కొలిచి చిమ్మే ఎలక్ట్రానిక్ ఏర్పాటు) ఉంటుంది. అంతకుముందువి ఎక్కువగా కార్బొరేటర్ బళ్లు. కొన్నిచోట్ల ఈ రెండింటికీ దారి వేరవుతుంది, అక్కడ విడిగా చెబుతాను.

పానా ముట్టుకోకముందు

కిల్ స్విచ్ (హ్యాండిల్ మీద ఇంజిన్‌ను ఆపే స్విచ్) చూడండి. నవ్వొస్తుంది గానీ, పార్కింగ్‌లో బండి పక్కకు జరిపినవాళ్ల చెయ్యి తగిలో, ట్యాంకు మీద కూర్చున్న పిల్లాడు నొక్కో ఆఫ్ అయి ఉండటం మామూలే. కొన్ని బళ్లలో కిల్ స్విచ్ ఆఫ్‌లో ఉన్నా సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజిన్ మాత్రం అందుకోదు. దాంతో తప్పు ఇంకెక్కడో ఉందనుకుంటాం.

తర్వాత సైడ్ స్టాండ్. ఈ మధ్య వస్తున్న చాలా బళ్లలో స్టాండ్ దించి ఉంటే ఇంజిన్ స్టార్ట్ కాదు. స్టాండ్ ఎత్తినా దాని స్విచ్ దగ్గర బురద గడ్డకట్టి ఉంటే బండికి స్టాండ్ ఇంకా దించే ఉందన్నట్టే లెక్క. కాస్త నీళ్లు పోసి, రెండుమూడు సార్లు ఎత్తి దించితే చాలాసార్లు సరిపోతుంది. బైకు గేర్‌లో ఉంటే క్లచ్ పట్టాలి, స్కూటరైతే బ్రేక్ పట్టాలి. ఆ లివర్ల అడుగున చిన్న స్విచ్‌లు ఉంటాయి, అవి పాడైనా సెల్ఫ్ పలకదు. క్లచ్ పట్టినా పలకని బైకు న్యూట్రల్‌లో పెట్టగానే పలికితే అనుమానం ఆ స్విచ్ మీదే.

పెట్రోలు ఉందో లేదో మీటర్‌ను అడగొద్దు. ఫ్లోట్ ఇరుక్కుంటే ముల్లు సగంలోనే నిలబడిపోతుంది. మూత తీసి చూడండి, బండిని అటూ ఇటూ ఊపి చప్పుడు వినండి. కార్బొరేటర్ బైకైతే ట్యాంకు కింద ఉన్న పెట్రోలు నాబ్ రిజర్వులోకి తిప్పండి.

బండి ఈ మధ్యే కింద పడిందా? చాలా ఇంజెక్షన్ బళ్లలో పడిపోయినప్పుడు ఇంజిన్‌ను ఆపేసే సెన్సర్ ఉంటుంది. లేపి నిలబెట్టినంత మాత్రాన అది మళ్లీ ఒప్పుకోదు. కీ ఆఫ్ చేసి, కొన్ని సెకన్లు ఆగి, మళ్లీ ఆన్ చేయాలి. ఇది తెలియక నడిరోడ్డు మీద టెన్షన్ పడేవాళ్లు చాలామంది.

సెల్ఫ్ నొక్కితే ఏం వినబడుతోంది?

సెల్ఫ్ ఒక్కసారే నొక్కి చెవి పెట్టండి. ఎప్పుడైనా సరే ఐదు సెకన్లకు మించి పట్టుకోవద్దు, మళ్లీ నొక్కే ముందు పది పదిహేను సెకన్లు వదిలేయండి.

"టిక్ టిక్ టిక్" అని గబగబా కొట్టుకుంటే, రిలే (సెల్ఫ్ మోటార్‌కు కరెంట్ కలిపే స్విచ్) కలుస్తోంది గానీ మోటార్‌ను తిప్పే బలం బ్యాటరీలో లేదు. లేదా బలం ఉంది, టెర్మినల్ లూజుగా ఉంది. ఇదే సమయంలో హారన్ కొట్టి చూడండి. గొంతు పూడుకుపోయినట్టు వస్తే బ్యాటరీయే. హెడ్‌లైట్‌తో పరీక్షించొద్దు. 2017 ఏప్రిల్ నుంచి వస్తున్న బళ్లకు లైటు స్విచ్ ఉండదు, వాటిలో చాలావాటికి ఇంజిన్ స్టార్ట్ అయ్యాకే హెడ్‌లైట్ వెలుగుతుంది.

"టక్" అని ఒక్కసారి మాత్రమే వచ్చి ఆగిపోతే, హారన్ మామూలుగానే మోగుతుంటే, రిలే లోపలి కాంటాక్టులు గానీ, సెల్ఫ్ మోటార్ కార్బన్ బ్రష్‌లు గానీ అరిగి ఉండొచ్చు. అది షెడ్డు పని.

అసలు చప్పుడే లేకపోతే ఫ్యూజ్ చూడండి. ఎక్కువ బళ్లలో బ్యాటరీ పక్కనే చిన్న డబ్బాలో ఉంటుంది, దానిలోనే స్పేర్ కూడా ఉంటుంది. కాలిన ఫ్యూజ్ బదులు అదే ఆంపియర్‌ది వేయాలి. వెంటనే అదీ కాలిందంటే ఎక్కడో వైరు బాడీకి తగులుతోంది. అక్కడ రాగి తీగ చుట్టి పని కానిచ్చే అలవాటు ఉంటే మానుకోండి, ఫ్యూజ్ బదులు ఈసారి వైరింగ్ కాలుతుంది.

మోటార్ గిర్రున తిరుగుతున్న చప్పుడు వస్తోంది, ఇంజిన్ మాత్రం కదలట్లేదంటే, మోటార్‌ను ఇంజిన్‌కు కలిపే వన్‌వే క్లచ్ జారుతోంది. ఇంకో మాట, కొన్ని కొత్త స్కూటర్లకు విడిగా సెల్ఫ్ మోటార్ ఉండదు. అవి దాదాపు చప్పుడు లేకుండానే స్టార్ట్ అవుతాయి. ఆ బళ్లలో నిశ్శబ్దాన్ని చూసి కంగారు పడొద్దు.

కిక్ ఉన్న బండైతే ఇక్కడో అడ్డదారి ఉంది. సెల్ఫ్‌తో రాని బండి రెండు కిక్కులకే స్టార్ట్ అయిందంటే ప్లగ్, పెట్రోలు, కార్బొరేటర్ అన్నీ సరిగ్గా ఉన్నట్టే. వెతకాల్సింది బ్యాటరీ, సెల్ఫ్ లైన్లోనే. అప్పుడు ఎవరైనా "కార్బొరేటర్ క్లీన్ చేద్దాం" అంటే అక్కర్లేదని చెప్పొచ్చు.

బ్యాటరీ పోయిందా, చార్జింగ్ ఎక్కట్లేదా?

ముందు టెర్మినల్స్ చూడండి. వాటి మీద తెల్లగానో పచ్చగానో పొడి పట్టి ఉంటే కీ ఆఫ్ చేసి, ముందు నెగటివ్, తర్వాత పాజిటివ్ విప్పండి. గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, ఈసారి పాజిటివ్ ముందు బిగించండి. స్క్రూ బిగిశాక చేత్తో కదిపితే వైరు కదలకూడదు.

మల్టీమీటర్ ఉంటే ఊహాగానం అక్కర్లేదు. రాత్రంతా ఆగి ఉన్న బండిలో మంచి బ్యాటరీ 12.6 వోల్టులు, అంతకన్నా కాస్త ఎక్కువ చూపిస్తుంది. 12 దగ్గరుంటే దాదాపు ఖాళీ. సెల్ఫ్ నొక్కుతూ చూడండి. ఆ క్షణంలో 9.6 కన్నా కిందికి పడిపోతుంటే, ఫుల్ చార్జింగ్ పెట్టాక కూడా అలాగే పడుతుంటే, దాని పని అయిపోయింది.

కొత్త బ్యాటరీ కొనేముందు ఇంకో కొలత తప్పకుండా చూడాలి. బండి ఎలాగోలా స్టార్ట్ చేసి, కొంచెం రేజ్ చేస్తూ బ్యాటరీ దగ్గర వోల్టేజ్ చూడండి. 13.5 నుంచి 14.5 మధ్య ఉంటే చార్జింగ్ బాగుంది. 12.5 దగ్గరే కదలకుండా ఉంటే కొత్త బ్యాటరీ కూడా కొద్ది రోజులకే డౌన్ అవుతుంది. 15 దాటితే చార్జింగ్ వోల్టేజ్‌ను అదుపు చేసే రెగ్యులేటర్ పోయింది, బ్యాటరీని ఉడకబెడుతోంది. "ఏడాదికో బ్యాటరీ మారుస్తున్నాను, కంపెనీ వాళ్లు మోసం చేస్తున్నారు" అనేవాళ్లలో ఎక్కువమంది ఈ ఒక్క కొలతా చూసి ఉండరు.

తోసి స్టార్ట్ చేయడం గురించి రెండు ముక్కలు. గేర్ల బైకైతే సెకండ్ గేర్‌లో క్లచ్ పట్టి తోసి, వేగం అందుకున్నాక వదలాలి. ఇంజెక్షన్ బళ్లకు పెట్రోలు పంపు తిరగడానికైనా బ్యాటరీలో కాస్త ప్రాణం ఉండాలి, పూర్తిగా చచ్చిపోతే తోసినా ఫలితం ఉండదు. గేర్లు లేని స్కూటర్‌ను ఎంత దూరం తోసినా స్టార్ట్ కాదు, చక్రం తిరిగితే ఇంజిన్ తిరిగే ఏర్పాటు దానిలో లేదు.

ఇంజిన్ తిరుగుతోంది, అందుకోవట్లేదు: ప్లగ్ విప్పండి

ఇక్కడ తొందరపడొద్దు. సగం జవాబులు ప్లగ్ మీదే రాసి ఉంటాయి.

ఇంజిన్ చల్లారనివ్వండి. వేడి మీద విప్పితే అల్యూమినియం హెడ్‌లో మరలు పాడవుతాయి, ఆ ఖర్చు ప్లగ్ ఖరీదుకు ఎన్నో రెట్లు. క్యాప్‌ను పట్టుకుని లాగండి, వైరు పట్టుకుని కాదు. ప్లగ్ చుట్టూ ఉన్న దుమ్మును బ్రష్‌తో తుడిచాకే పానా పెట్టండి, లేకపోతే ఆ ఇసుకంతా సిలిండర్లోకి జారుతుంది. ఇప్పుడు విప్పిన ప్లగ్ కొనను వెలుతురులో పట్టుకుని చూడండి, వాసన చూడండి.

కొన తడిగా ఉండి పెట్రోలు వాసన కొడుతుంటే పెట్రోలు లోపలికి వస్తోంది, అంటుకోవట్లేదు. కరెంట్ లేకపోవడమో, పెట్రోలు మరీ ఎక్కువవడమో కారణం. ఐదారు కిక్కులు కొట్టిన తర్వాత కూడా పొడిగా ఉంటే పెట్రోలు రావట్లేదు. నల్లటి పొడి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. ఎయిర్ ఫిల్టర్ ఎన్నాళ్లయింది మార్చి? చోక్ (చల్లటి ఇంజిన్ కోసం గాలి తగ్గించి పెట్రోలు పెంచే లివర్) పూర్తిగా వెనక్కి రావట్లేదా? నల్లగా జిడ్డుగా ఉంటే ఆయిల్ పైకి వస్తోంది. లేత ఇటుక రంగో బిస్కెట్ రంగో ఉంటే ఆ ప్లగ్‌ను అనవసరంగా అనుమానించకండి.

ఇక కరెంట్ పరీక్ష. చాలామంది విప్పిన ప్లగ్‌నే క్యాప్‌లో పెట్టి, ప్లగ్ రంధ్రం పక్కనే ఆనించి కిక్ కొడతారు. ఆ రంధ్రంలోంచి పెట్రోలు ఆవిరి బయటికి చిమ్ముతుంటే పక్కనే నిప్పురవ్వ పుట్టించడం ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. ఇంకో ప్లగ్ దగ్గరుంచుకోండి. పాతదాన్ని దాని చోట బిగించేసి, రెండోదాన్ని క్యాప్‌లో పెట్టండి. దాని ఇనుప ఒంటిని పెయింటు లేని బోల్టుకు గట్టిగా ఆనించి, రబ్బరు పిడి ఉన్న పట్టకారుతో పట్టుకోండి, చేత్తో వద్దు. ఇంకొకరిని సెల్ఫ్ నొక్కమనండి. నీలంగా "చట్ చట్" మంటూ కొడితే కరెంట్ బాగుంది. ఎర్రగా సన్నగా వస్తే బలహీనం. ప్లగ్ ఇంజిన్‌కు ఆనకుండా మాత్రం ఎప్పుడూ సెల్ఫ్ నొక్కొద్దు, కాయిల్ (ప్లగ్‌కు వోల్టేజ్ పెంచి ఇచ్చేది), సీడీఐ, ఈసీయూ (కరెంట్‌ను నడిపించే ఎలక్ట్రానిక్ పెట్టెలు) దెబ్బతినే ప్రమాదం ఉంది.

ఈ పద్ధతిలో ఇంకో లాభం ఉంది. రెండో ప్లగ్‌తో కరెంట్ బాగా వచ్చిందంటే క్యాప్, కాయిల్ బాగున్నట్టు. అదే ప్లగ్‌ను బిగించి స్టార్ట్ చేయండి, అందుకుంటే తప్పు పాత ప్లగ్‌దే. రెండోదాంట్లోనూ కరెంట్ లేకపోతే క్యాప్‌ను వైరు మీంచి మర తిప్పినట్టు తిప్పి తీయండి. వైరు కొన పచ్చగా తుప్పు పట్టి ఉంటే ఒక అర సెంటీమీటర్ కత్తిరించి మళ్లీ ఎక్కించండి. అయినా లేకపోతే మిగిలినవి కాయిల్, పికప్ కాయిల్ (కరెంట్ ఎప్పుడివ్వాలో చెప్పే సెన్సర్), సీడీఐ, వాటి మధ్య వైర్లు. హ్యాండిల్‌ను పూర్తిగా ఎడమకూ కుడికీ తిప్పి ఒకసారి ప్రయత్నించండి. ఒకవైపు తిప్పినప్పుడే స్టార్ట్ అయితే హ్యాండిల్ మెడ దగ్గర వైరు లోపల తెగింది. అపార్ట్‌మెంట్ సెల్లార్లలో పెట్టే బళ్లకైతే సీటు లేపి ఎలుకలు కొరికిన గుర్తులు కూడా చూడాలి. ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో గూడు పెట్టి గాలి దారి మూసేసిన ఎలుకలూ ఉన్నాయి.

ప్లగ్ తిరిగి బిగించేటప్పుడు ఆఖరిదాకా చేత్తోనే తిప్పండి. చేతికి ఆగిపోయాక పానాతో కొత్త ప్లగ్ అయితే అర చుట్టు, పాతదైతే చాలా కొద్దిగా. కొనల మధ్య సందు ఎంతుండాలో మీ బండి పుస్తకంలో ఉంటుంది.

ప్లగ్ పొడిగా ఉంటే

కార్బొరేటర్ బైకులో నాబ్ మూసి, కార్బొరేటర్‌కు వెళ్లే పైపు ఊడదీసి సీసాలో పెట్టి, నాబ్ తెరవండి. ధార ఆగకుండా రావాలి. మొదట బాగా వచ్చి క్రమంగా బొట్లు బొట్లుగా మారితే ట్యాంకు మూత తెరవండి. "ఉస్" మని గాలి లోపలికి వెళ్లి ధార మళ్లీ పెరిగితే మూతలో ఉన్న గాలి రంధ్రం మూసుకుపోయింది. పిన్నుతో పొడిస్తే పోయే తప్పు ఇది. కొన్ని పాత స్కూటర్లలో ఇంజిన్ తిరిగితేనే తెరుచుకునే వాక్యూమ్ కాక్ ఉంటుంది, వాటిలో పైపు తీయగానే ధార రాకపోవడం తప్పు కాదు.

ధార బాగుంటే కార్బొరేటర్ అడుగున ఉన్న డ్రైన్ స్క్రూ కొద్దిగా వదులు చేసి, వచ్చేదాన్ని గాజు సీసాలో పట్టండి. రెండు నిమిషాలు కదపకుండా ఉంచి ఎండలో చూడండి. పెట్రోలు కింద పారదర్శకంగా, గుండ్రంగా, సీసా వంచితే అడుగున దొర్లే బొట్లు కనిపిస్తే అవి నీళ్లు. వానలో తడిసిన బండికి ట్యాంకు మూత చుట్టూ ఉన్న చిన్న డ్రైన్ రంధ్రం మూసుకుపోతే నీళ్లు లోపలికే దిగుతాయి. పైగా ఇప్పుడు బంకుల్లో ఇస్తున్న ఈ20 పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది నీటిని పీల్చుకుంటుంది, హద్దు దాటితే నీళ్లతో కలిసి అడుగుకు చేరుతుంది. ఇంజిన్‌కు ముందు వెళ్లేది ఆ అడుగుదే. అలాంటప్పుడు కార్బొరేటర్ ఒక్కటే కడిగితే లాభం లేదు, ట్యాంకు మొత్తం దించాలి.

చోక్ వేస్తే అందుకుని, తీయగానే చచ్చిపోతోందా? కార్బొరేటర్లోని సన్నటి పెట్రోలు రంధ్రం, అంటే పైలట్ జెట్‌లో చెత్త పట్టింది, లేదా కార్బొరేటర్‌కూ ఇంజిన్‌కూ మధ్య రబ్బరు పగిలి గాలి లాగుతోంది. నెలల తరబడి కదలని బళ్లలో మొదటిదే ఎక్కువ.

ప్లగ్ తడిసి ముద్దగా ఉంటే దీనికి తిరగేసి చేయాలి. ప్లగ్ తుడిచి ఆరబెట్టి బిగించి, పెట్రోలు నాబ్ మూసి, చోక్ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని ఐదారు కిక్కులు కొట్టండి. అందుకోగానే యాక్సిలరేటర్ వదిలి నాబ్ తెరవండి.

ఇంజెక్షన్ బళ్లలో విప్పే పని తక్కువ, వినే పని ఎక్కువ. కీ ఆన్ చేయగానే సీటు కిందో ట్యాంకులోంచో రెండు మూడు సెకన్లు సన్నటి మోత వచ్చి ఆగాలి. అది పెట్రోలు పంపు. మోత లేకపోతే కిల్ స్విచ్, ఫ్యూజ్, పంపు రిలే ఈ వరుసలో చూడండి. మీటర్లో ఇంజిన్ బొమ్మ ఉన్న లైటు కాసేపు వెలిగి ఆరిపోవాలి. ఆరకుండా ఉన్నా, లెక్కపెట్టినట్టు మిణుకుమన్నా వీడియో తీసుకోండి, ఆ మిణుకుల లెక్కే తప్పు కోడ్. పైపులు విప్పొద్దు, లోపల ప్రెషర్ ఉంటుంది. పెట్రోలు ఎప్పుడూ అడుగంటేదాకా నడపడం కూడా ఈ బళ్లకు పడదు, పంపు చల్లబడేది ట్యాంకులోని పెట్రోలుతోనే.

వేడెక్కాక మాత్రమే మొరాయించే బండి

పొద్దున్నే ఒక్క కిక్కుకు స్టార్ట్ అవుతుంది. పదిహేను ఇరవై కిలోమీటర్లు పోయాక ఆగిపోతుంది, అరగంట నీడలో పెడితే మళ్లీ మామూలే. షెడ్డుకు తీసుకెళ్లేసరికి తప్పు దొరకదు, మెకానిక్ మనల్నే అనుమానంగా చూస్తాడు. ఇలాంటిదాన్ని ఆగిన చోటే పట్టుకోవాలి. ఆగిన వెంటనే ట్యాంకు మూత తెరిచి చూడండి. తెరిచాక స్టార్ట్ అయితే గాలి రంధ్రం సంగతే. కాకపోతే అక్కడికక్కడే రెండో ప్లగ్‌తో కరెంట్ చూడండి. ఇప్పుడు లేని కరెంట్ చల్లారాక వస్తుంటే కాయిల్, పికప్ కాయిల్, సీడీఐలలో ఒకటి వేడికి తెగి, చల్లారాక కలుస్తోంది. కరెంటూ పెట్రోలూ రెండూ ఉంటే ట్యాపెట్ సందు (వాల్వుకూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఎడం) మెకానిక్‌కు చూపించండి. సందు మరీ తక్కువగా ఉంటే వేడికి వాల్వు పూర్తిగా మూసుకోదు.

కిక్ దూదిలా దిగిపోతుంటే

ప్లగ్ తీసి రంధ్రాన్ని బొటనవేలితో మూసి, క్యాప్‌ను దూరంగా పెట్టి, కిల్ స్విచ్ ఆఫ్ చేసి కిక్ కొట్టమనండి. గాలి వేలిని బలంగా తోసేయాలి. తోయకపోతే రంధ్రంలో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. ఇప్పుడు తోస్తే తప్పు పిస్టన్ రింగులది, అప్పటికీ తోయకపోతే వాల్వులది. రెండూ ఇంజిన్ విప్పే పనులే.

నీట మునిగిన బండి

2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో మునిగిన బళ్లకు లెక్కలేదు. వరద తగ్గాక చాలామంది మొదట చేసిన పని "వస్తుందేమో చూద్దాం" అని సెల్ఫ్ నొక్కడం. సిలిండర్లో నీళ్లుంటే ఆ ఒక్క నొక్కుడుకే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు, ఎందుకంటే గాలి నొక్కుకున్నట్టు నీళ్లు నొక్కుకోవు.

ఇంజిన్ దాకా మునిగితే కీ కూడా ఆన్ చేయొద్దు. బ్యాటరీ నెగటివ్ తీసేయండి. ప్లగ్ విప్పి కిక్‌ను మెల్లగా చేత్తో తిప్పండి, నీళ్లు బయటికి వచ్చేస్తాయి. ఆయిల్ చూసే పుల్ల తీయండి, ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే మొత్తం దించి కొత్తది పోయాలి, కొద్దిసేపు నడిపి మళ్లీ మార్చాలి. ఎయిర్ ఫిల్టర్ తీసేయండి, ట్యాంకు ఖాళీ చేయండి. ఇన్సూరెన్స్ ఉంటే ఇవన్నీ చేయకముందే ఫొటోలు తీసి కంపెనీకి ఫోన్ చేయండి.

మునగకపోయినా పెద్ద వానలో ఆగిన బండికైతే ప్లగ్ క్యాప్ తీసి లోపలా బయటా పొడిగుడ్డతో తుడవండి. పదింట్లో చాలాసార్లు అంతే.

మెకానిక్‌కు ఏం చెప్పాలి

"స్టార్టింగ్ ట్రబుల్" అని వదిలేస్తే ఆయన తనకు అలవాటైన చోట మొదలుపెడతాడు. బదులుగా ఇలా చెప్పండి: "సెల్ఫ్ బాగా తిరుగుతోంది, బ్యాటరీ 12.6 ఉంది. ప్లగ్ తడిగా ఉంది, కొత్త ప్లగ్‌లోనూ కరెంట్ రావట్లేదు. క్యాప్ చూశాను, కాయిల్ నుంచి చూడండి." పొద్దునా, వేడి మీదా, వానలోనా, ఎప్పుడు జరుగుతోందో కూడా చెప్పండి. మార్చిన పార్టులు తిరిగి ఇవ్వమని ముందే అడగండి. ఇచ్చినవాటిలో ప్లగ్ ఉండి, దాని కొన బిస్కెట్ రంగులో ఉంటే పారేయకండి, గుడ్డలో చుట్టి సీటు కింద పెట్టుకోండి. ఈసారి కరెంట్ చూడటానికి కావాల్సిన రెండో ప్లగ్ అదే.